ఎనిమిదీ ఇరవైకి ఆపిన స్విచ్చి

ఆ రోజు ఉదయం అమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, సందు చివరికెళ్ళి రెండు పాల ప్యాకెట్లు తేవడం. కూతురు పెట్టుకున్న పనీ ఒక్కటే, కంప్యూటరుకి అప్‌గ్రేడ్ పెట్టి, అది అయ్యేలోపు తలస్నానం చేసి రావడం. విడివిడిగా చూస్తే రెండింటివల్లా లోకానికి ఏ హానీ లేదు.

పదకొండు గంటలకు సిటీ బస్సుల డిపో మేనేజరమ్మ ఫోన్లో వీడియో పెట్టుకుని కూతురి పని చూడబోతోంది. ఏ బస్సు ఏ రూటులో ఎన్నింటికి కదలాలో తేల్చి చెప్పే ప్రోగ్రాము అది. మూడు నెలల కష్టం. నచ్చితే టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, లేకపోతే నెలాఖరుతో సరి. డిపోవాళ్ళు నిన్న సాయంత్రం పంపిన ఒక భాగం కొత్త లైబ్రరీ ఉంటే తప్ప నడవదట. అందుకే ఈ అప్‌గ్రేడ్.

"ఇవాళే ఎందుకే? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమో!" అంది అమ్మ.

"ఇరవై నిమిషాలమ్మా. కంప్యూటర్ని ముట్టుకోకు, అంతే చాలు."

అమ్మ నిజంగానే కంప్యూటర్ని ముట్టుకోలేదు.

పన్నెండేళ్ళ కిందట ఒకసారి పక్కింట్లో మాట్లాడి వచ్చేసరికి ఇస్త్రీపెట్టె దుప్పటిని కాల్చి, బల్లను పట్టుకుని ఉంది. ఆనాటి నుంచి అమ్మ గడప దాటాలంటే ఇంట్లో స్విచ్చిలన్నీ ఆపాల్సిందే. ఆపడమే కాదు, ఒక పొడుగు నోటుపుస్తకంలో టైముతో సహా రాయాల్సిందే. పొయ్యి ఆర్పాను. కుళాయి కట్టాను. ఇస్త్రీపెట్టె వైరు పీకాను. అయినా ఇల్లు తగలబడితే ఫైరింజను వాళ్ళకు చూపించడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి కదా! ఇంట్లో ఇంకో మనిషి స్నానం చేస్తున్నంత మాత్రాన అలవాటు ఎక్కడికి పోతుంది?

ఈసారి కంప్యూటరు నల్లటి తెర మీద తెల్లటి లైన్లు పరుగెత్తి పరుగెత్తి ఒకచోట నిలబడ్డాయి. 'రేపు ఎవరైనా ఇది ఏం చెప్తుండగా ఆగిందని అడిగితే?' అని అమ్మకు భయం వేసింది. ఏడో తరగతి చదువు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. అయినా ఆఖరి లైనును ముగ్గు దింపినట్టు, చుక్కతో గీతతో సహా దింపుకుంది. తర్వాత గోడ మీది స్విచ్చి టక్కున ఆపి పాలకు వెళ్ళింది.

తిరిగొచ్చి స్విచ్చిలన్నీ వేసేసరికి కూతురు తలకు తువ్వాలుతో తెర ముందు నిలబడి ఉంది. కంప్యూటరు లేచినట్టే లేచి, ఏదో సణిగి, కొయ్యబారిపోయింది.

"కరెంటు పోయొచ్చిందా అమ్మా?"

అమ్మ చేతిలోని పాల ప్యాకెట్ల వంక చూసింది. "పోయినట్టుందే" అంది. ఒక్క మాట. అంతకన్నా చిన్న అబద్ధం ఆ ఇంట్లో ఎవరూ ఆడి ఉండరు.

కూతురు ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. జుట్టు ముడేసుకుని కూర్చుంది. ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, దానిలోంచి కంప్యూటర్ని లేపి, పడిపోయినవాడి నాడి చూసినట్టు లోపలి డిస్కును చూడసాగింది. అమ్మైతే ఈపాటికి నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి ఉండేది. 'ఈ గుండె దీనికి ఎవరి పోలికో' అనుకుంది అమ్మ.

"ఏమైందే?"

"లైబ్రరీ అంటే ప్రోగ్రాములన్నీ పంచుకుని వాడుకునే సామానమ్మా. అందులో ఏదో ఒకదాని పాతది తీసేశాక, కొత్తది సర్దేలోపు కరెంటు పోయింది. ఇప్పుడు మొదటి ప్రోగ్రామే లేవట్లేదు, ఇంక మిగతావి ఎక్కడ లేస్తాయి?"

కూతురు మేనేజరమ్మకు ఫోన్ చేసి, కరెంటు పోవడం వల్ల కొంచెం ఆలస్యమవుతుందని చెప్పింది. అవతలి గొంతు గదంతా వినిపించింది. "ఆ వైపు కరెంటు పోయిందా? మా బస్సులు ఆ సందు ముందు నుంచే కదమ్మా వెళ్ళేది! ఉండు, ఎలక్ట్రీషియన్ని తీసుకుని నేనే వస్తా."

అమ్మ తేలు కుట్టిన దొంగలా పెరటిదారిన పక్కింటికి పరుగెత్తింది.

"వదినా, ఎవరైనా అడిగితే పొద్దున మీకూ కరెంటు పోయిందని చెప్పు."

"ఎంతసేపు?"

"ఒక్క నిమిషం."

"ఒక్క నిమిషమంటే ఎవరు నమ్ముతారు? నువ్వెళ్ళు, నేను చూసుకుంటాలే" అంది పక్కింటి వదిన, చాలా రోజులకు చేతినిండా పని దొరికిన ఉత్సాహంతో.

పదింపావుకు మేనేజరమ్మ జీపు దిగింది. వెనకే నిచ్చెనతో ఎలక్ట్రీషియన్. పక్కింటి వదిన అప్పటికే తన గుమ్మంలో ఉంది, కరెంటు మాట ఎత్తగానే అందుకుంది.

"పోవడమా! ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంతింత నిప్పులు! మా ఆయన బల్లకింద దూరాడు."

"నేనా? ఎప్పుడే?" అన్నాడు లోపల్నుంచి ఆయన.

"భయంలో మీకు గుర్తుండదు, ఊరుకోండి!"

మేనేజరమ్మ ముఖం మారిపోయింది. నిప్పులు రాలే తీగల కింద నుంచి బస్సు పోవడమా? వెంటనే ఫోన్ తీసింది. ఐదు నిమిషాల్లో సందు మొగలో రెండు బస్సులు ఆగాయి. జనం దిగారు. దిగినవాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ వంక చూసి నిప్పులు ఇంకా పెద్దవని చెప్పుకున్నారు. ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఆనించి, "వీధి మొత్తం లైను ఆపి చూడాలి మేడమ్. గంటన్నర పడుతుంది" అన్నాడు.

కిటికీలోంచి అది విని కూతురు మొదటిసారి తలెత్తింది. "ఇప్పుడు ఆపితే మొత్తం పోతుందమ్మా. ఎక్కడ ఆగిందో రాసుకునే ఫైలు కూడా ఖాళీ అయిపోయింది. అది తెలిస్తే పది నిమిషాల పని. తెలియకపోతే మూడొందల పైచిలుకు ప్యాకేజీలు, అంటే ఆ సామాను మూటలు, ఒక్కొక్కటీ వెతకాలి."

కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి.

ఆ వేళ్ళు ఆగడం అమ్మ చూడలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి నోటుపుస్తకం పట్టుకుని వీధిలోకి వచ్చింది. "ఆపకండి బాబూ! కరెంటు పోలేదు. నేనే పోగొట్టాను!"

పక్కింటి వదిన మెల్లగా తలుపు వేసుకుంది.

అమ్మ లోపలికొచ్చి పుస్తకం కూతురి ముందు పెట్టింది. కూతురు చదివింది: 'ఎనిమిదీ ఇరవై. పొయ్యి ఆర్పాను. కుళాయి కట్టాను. కంప్యూటర్ గది స్విచ్చి ఆపాను. తెర మీద ఇలా ఉంది.' దాని కింద ఒక ఇంగ్లీషు లైను, గుండ్రటి అక్షరాల్లో.

"తిట్టవే, నాలుగు తిట్టు" అంది అమ్మ, కళ్ళు మూసుకుని.

"తర్వాత తిడతాలే. అమ్మా, చుక్క కూడా వదల్లేదు నువ్వు! ఏ ప్యాకేజీ, ఎన్నో వెర్షను, అన్నీ ఉన్నాయి."

వేళ్ళు మళ్ళీ కదిలాయి. సగంలో ఆగిన లైబ్రరీని పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చి దాని చోట పెట్టింది, ఆగిపోయిన అప్‌గ్రేడ్‌ని అక్కడి నుంచే కదిలించింది. మేనేజరమ్మ లోపలికొచ్చి వెనక నిలబడి చూస్తోంది. పది నిమిషాలన్నది తొమ్మిదే పట్టింది. పెన్‌డ్రైవ్ పీకి మళ్ళీ మొదలుపెడితే కంప్యూటరు ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది.

"చూపించమంటారా మేడమ్?"

"చూపించడం కాదమ్మా, నా రెండు బస్సులు అక్కడ ఇరుక్కున్నాయి. వాటి వెనక రూట్లన్నీ చెడిపోయాయి. ముందు దాని సంగతి చూడు."

కూతురు రెండు బస్సుల నంబర్లు కొట్టింది. ప్రోగ్రాము ఒక్క క్షణం ఆలోచించి, ఏ బస్సు ఎటు మళ్ళాలో వరుసగా చెప్పింది. మేనేజరమ్మ అవన్నీ ఫోన్లో డిపోకు చదివింది. పదకొండు కొట్టేసరికి సందు మొగ ఖాళీ.

"వీడియోలో చూసుంటే ఇది నాకు అర్థమయ్యేది కాదు. పర్మనెంటు కాగితం రేపే పంపిస్తా" అంది మేనేజరమ్మ. వెళ్తూ వెళ్తూ నోటుపుస్తకం తిరగేసి, "మా డ్రైవర్లు లాగ్‌షీటు ఇంత శుభ్రంగా రాస్తే ఎంత బాగుండేది!" అని, ఉత్తచేతుల్తో ఎందుకు వెళ్ళాలన్నట్టు చూస్తున్న ఎలక్ట్రీషియన్‌కి ఒక పని చెప్పింది.

ఇప్పుడా గది స్విచ్చిబోర్డుకి చిన్న తలుపూ, తాళమూ ఉన్నాయి. తాళంచెవి ఎక్కడ పోతుందోనన్న భయంతో దాన్ని అమ్మే దాస్తోంది.