జింక కొమ్ముల కింద కాలనీ

కిటికీలోంచి దూకితే కాలు విరుగుతుంది, గుమ్మంలోంచి వెళ్తే తల పగులుతుంది. బొగ్గుగని కాలనీ బడి మేడ మీద, కంప్యూటర్ గదిలో నిలబడి డ్రాయింగ్ మాస్టారు లింగమూర్తి ఈ రెండింట్లో ఏది నయమో ఆలోచిస్తున్నాడు. కింద నూటయాభై మంది కార్మికులు గేటు పట్టుకుని ఊపేస్తున్నారు. పదకొండింటికి గని మేనేజరు జైపాల్‌రావు వచ్చి కంప్యూటర్ పాఠం చూస్తాడు. నచ్చితే ఆరేళ్ల టెంపరరీ ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

గొడవంతా ఒక జింక వల్ల. రెండున్నర వేల ఏళ్ల కిందట గడ్డిమైదానాల్లో గుర్రాల మీద తిరిగిన సంచార జాతులు బెల్టుల మీద, జీనుల మీద జంతువుల బొమ్మలు చెక్కుకునేవారు. కాళ్లు మడిచిన జింక, తోకదాకా అలలు అలలుగా కొమ్ములు. పిల్లలకు నేర్పడానికి లింగమూర్తి దాన్ని కంప్యూటర్‌లో గీసి అచ్చు తీశాడు. అందులో ఒక కాగితం ఎలాగో నిన్న గని ఆఫీసు నోటీసు బోర్డెక్కింది. ముప్పై ఏళ్లుగా గని నక్షాలు, పటాలు చూస్తున్న కార్మికుడు రాజలింగుకు అందులో జింక కనిపించలేదు. కొమ్ములు సొరంగాలు, కన్ను గని మూతి, మడిచిన కాళ్లు కార్మికుల క్వార్టర్లు! సాయంత్రానికల్లా సగం కాలనీ సామాన్లు మూటగట్టింది.

జనం మెట్లెక్కేశారు. ముందు రాజలింగు, చేతిలో బోర్డు మీంచి చింపిన కాగితం.

"మా క్వార్టర్ల కింద తవ్వుతరా సారూ?"

"అది జింక, రాజలింగన్నా!"

"జింక గిట్లుంటదా? కొమ్ములు వీపు మీద పండుకున్నయేంది?"

"గా కాలంల గట్లనే గీస్తుండె. గీసినోళ్లకు ఇండ్లు లేకుండె, ఊరూరు తిరుగుతుండె..."

"ఇన్నరా!" రాజలింగు భార్య సత్తవ్వ గుండె బాదుకుంది. "మన గతి గదేనట!"

ఇక చూపించడమే మేలనుకుని లింగమూర్తి కంప్యూటర్ మీట నొక్కాడు. తెర మీద జింక గీత గీతగా పెరగసాగింది. కొమ్ము మెలికలు తిరుగుతూ కాళ్ల వైపు దిగింది.

"అయ్యో, నా వంటింటి కిందికి వచ్చె!" సత్తవ్వ కేక పెట్టింది.

"ఆపు సారూ, జర ఆపు!" రాజలింగు ప్లగ్గు పీకేశాడు.

సరిగ్గా అప్పుడే జైపాల్‌రావు వచ్చాడు, వెనక అటెండరు కొమురెల్లి. మేనేజరు కాగితం లాక్కుని చూశాడు. మొహం పాలిపోయింది.

"గీ నక్షా నా బీరువల ఉండాలె గదా! బయటికెట్ల వచ్చింది?"

లింగమూర్తి తన జింకను మళ్లీ చూసుకున్నాడు. ఇప్పుడది అతనికీ కాస్త గనిలాగే కనిపించింది.

"అంటే తవ్వుడు నిజమేనా సారూ?" అన్నాడు రాజలింగు.

"అది తర్వాత! ముందుగాల దీన్ని బోర్డుకు ఎక్కిచ్చినోడెవడో చెప్పుండ్రి. ఎవడైనా సరే, గియ్యాల్నే నౌకరి ఊడగొడ్త!"

ఆ చూపు తన మీదే ఆగేసరికి లింగమూర్తి పర్మనెంటు సంగతి మరిచిపోయి టెంపరరీకి కూడా నీళ్లు వదులుకున్నాడు.

కొమురెల్లి చేతులు కట్టుకున్నాడు. "ఇయ్యాల్టి పాఠం చూడమని బడి నుంచి వచ్చిన పిలుపు కాగితంతోని గీ బొమ్మ వచ్చింది సార్. చూడకుంటనే 'బోర్డుకు అంటియ్యి' అని రాసి సంతకం వెట్టిండ్రు. అగో, మూలకున్నది."

"ఎవడ్రా ఆ సంతకం పెట్టింది?"

"జైపాల్‌రావు సారు, సార్."