కాంతికి ముందు, కాంతికి మందు

పటాల్లో ఇప్పటికీ పెద్దదిగానే కనిపించే ఒక అడవిలో, జంతువులన్నిటికీ ఒకే ఏడాది తమ తమ చర్మాల మీద అసంతృప్తి కలిగింది.

అంతవరకు ఎవరి తోలు వారికి సరిపోయేది. ఆ ఏడు చెట్ల లక్కను కరిగించి, పలుచని రేకుగా సాగదీసి, గుహ వాకిట కట్టే పద్ధతి వచ్చింది. ఉదయపుటెండ ఆ రేకు గుండా ఎర్రగా లోపలికి పడుతుంది. ఆ ఎర్రకాంతిలో రోజూ అరగడియ కదలకుండా కూర్చుంటే ముడతలు పోయి మేను నిగనిగలాడుతుందని ప్రచారం. ఎవరికి నిగనిగలాడిందో చూపమంటే అందరూ పక్క కొండ వైపు చూపేవారు.

పేచీ మాత్రం ఎర్రకాంతితో రాలేదు. దానికి తోడుగా ఏ సీరం పూయాలన్న దగ్గర వచ్చింది. కొందరు కలబంద అన్నారు, కొందరు తేనె అన్నారు. అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయింది కొండముచ్చు తయారుచేసిన నిమ్మ సీరం. పూయగానే చురుక్కుమనేది. చురుక్కుమన్నదంటే పనిచేస్తున్నట్టేనని అడవిలో గట్టి నమ్మకం.

విషయం తేల్చమని పెద్దపులి మహారాణి ‘కాంతి మండలి’ని నియమించింది. అధ్యక్షత నక్కది. కొండముచ్చు, ఎలుగుబంటి సభ్యులు. కొండముచ్చు నక్కకు వరసకు బావమరిది. ఈ వరస ఎలా కలిసిందో అడవి వంశావళులు చెప్పవు. లేఖరిగా సూచీముఖి అనే ముళ్ళపందిని పెట్టుకున్నారు. కలం విడిగా ఇవ్వనక్కరలేదన్నదే ఆ నియామకానికి కారణమంటారు గాని, ఆమె రాతలో ఒక్క పొల్లు కూడా తప్పేది కాదు. మండలి ఇచ్చిన బొరియలోనే ఆమె ఇద్దరు పిల్లలతో కాపురముండేది.

మొదటి సమావేశానికే ఒక కుందేలు సాక్ష్యం చెప్పడానికి వచ్చింది.

“నిమ్మ సీరం పూసుకొని రేకు ముందు కూర్చున్నానండీ. నా చెవులు చూడండి.”

ఎలుగుబంటి వంగి చూసింది. “ఉడికించి తోలు తీసిన చేమదుంపల్లా ఉన్నాయి.”

“కూర్చున్న తీరులో లోపమేమో,” అంది కొండముచ్చు.

“చెవుల మీద కూర్చోలేదండీ,” అంది కుందేలు.

సూచీముఖి రాత ఆపింది. “నిమ్మరసం మీద ఎండ పడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, అధ్యక్షా. రేకు ఎర్రనిదైనా వెనక ఉన్నది సూర్యుడే. కడిగేసుకున్నాకే కూర్చోమనాలి. ఏదైనా పూసుకోవాలనుంటే లేచాక కలబంద పూసుకుంటారు.”

ఎలుగుబంటికి ఆకలిగా ఉంది, వెంటనే ఒప్పుకుంది. ముగ్గురిలో ఒకరు ఒప్పుకున్నాక, చెవులు ఎదురుగా కనిపిస్తుండగా, కాదనడం నక్కకు కుదరలేదు. సూచీముఖి టేకు పలక మీద ముల్లుతో తీర్మానం చెక్కి, కింద సంతకం పెట్టింది:

కాంతికిముందునిమ్మరసంకడిగివేయాలి

పాత శాసనాల్లో మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. అడవి ఆ సంప్రదాయాన్ని నిష్ఠగా కాపాడుకుంటూ వచ్చింది.

అందరూ వెళ్ళాక కొండముచ్చు తల పట్టుకుంది. “బావగారూ, నా కొంప మునిగింది! రెండు తొర్రల నిండా సీరం ఉంది. ఎవడి నెత్తిన పోయాలి?”

“ఏడవకు. ఆ రేకు చేయగా మిగిలిన లక్క ఇటు తే.”

నక్క పలకను రెండుసార్లు చదివింది. చిటికెడు లక్క తీసుకొని ‘ము’ అక్షరానికున్న కొమ్మును నున్నగా పూడ్చింది.

“ఇప్పుడు చదువు.”

“కాంతికి మందు... నిమ్మరసం... కడిగి, వేయాలి!” కొండముచ్చు తోక నిటారుగా లేచింది. “బావగారూ!”

“నేనేమైనా రాశానా? ఒక్క అక్షరం రాయలేదు,” అంది నక్క.

మర్నాడు పలక చూసి సూచీముఖి పరుగెత్తుకొచ్చింది. “ఇది నా రాత కాదు, అధ్యక్షా. కింద సంతకం మాత్రం నాది.”

“ఒక్క కొమ్ము కోసం ఇంత గొడవా తల్లీ? దుప్పికి ఏటా రెండు రాలిపోతాయి. అది ఎప్పుడైనా ఫిర్యాదు చేసిందా?”

“దుప్పికి మళ్ళీ మొలుస్తాయండీ.”

“నీ ఉద్యోగం మొలవదు. బొరియా మొలవదు.”

సూచీముఖి పిల్లల్ని తలుచుకుని వెనుదిరిగింది.

పలక చుట్టూ జనం మూగారు. కాంతి అంటే మేని నిగారింపేనని ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

“కాంతికి మందు నిమ్మరసం,” చదివింది అడవిపంది. “కడిగి, వేయాలి. అంటే మొహం కడుక్కుని మరీ వేయాలి! ఎంత విపులంగా రాశారో!”

మూడు ఉదయాలు గడిచేసరికి అడవిపంది ముట్టె, ముంగిస వీపు, మహారాణి ముక్కు, మూడూ బొబ్బలెక్కాయి. గర్జిస్తే ముక్కు మండుతున్నందున మహారాణి ఆ రోజు మెల్లగా మాట్లాడింది. అందరికీ మరింత భయం వేసింది.

“పలక కింద సంతకం ఎవరిది?”

“లేఖరిదండీ,” అంది నక్క, కళ్ళు దించుకుని.

“దాని ముళ్ళన్నీ పీకించండి! బొరియ ఖాళీ చేయించండి!” అడవిపంది అరిచింది.

“నేను చెక్కింది ‘ముందు’, మహారాణీ,” అంది సూచీముఖి. “కొమ్మును లక్కతో పూడ్చారు.”

“తప్పు చెక్కి తానే దిద్దుకుని ఉంటుంది. పాపం, పని ఒత్తిడి,” అంది నక్క.

సూచీముఖి పలక దగ్గరికి నడిచింది. “ఎవరు పూడ్చారో నేనడగను. మండలి చేసిన తీర్మానంలో ఆ కొమ్ము ఉందో లేదో, అంతమట్టుకు అధ్యక్షులవారినే చెప్పమనండి.”

నక్క ఆలోచించింది. ఉందంటే, మూడు రోజులుగా ఆ పలక ముందునుంచే నడుస్తూ ఎందుకు నోరెత్తలేదని అడుగుతారు. లేదంటే అడిగేదేమీ ఉండదు.

“లేదు, మహారాణీ.”

“అయితే అది మందే.”

“సాక్షాత్తూ మందే.”

“మరి నీ ఒంటి మీద ఒక్క చుక్కా కనబడదేం?”

నక్క మొహం కడిగించారు. కొండముచ్చు చేతనే సీరం పట్టించారు. రేకు ముందు కూర్చోబెట్టారు. అందరిలాగే మూడు ఉదయాలు కూర్చోవాలని ఆజ్ఞ. మొదటి రోజు నక్క చిరునవ్వు నవ్వింది. రెండో రోజు నవ్వడానికి చర్మం సాగలేదు. మూడో రోజు రేకు చించుకుని బయటపడి, అడవంతా పరుగెడుతూ అరిచింది: “కొమ్ము ఉంది! బాబోయ్, కొమ్ము ఉంది!”

సూచీముఖి ఒక ముల్లుతో లక్క ఊడదీసింది. బొరియ ఆమెకే ఉండిపోయింది.

ఒళ్ళు కాలినవారి సంఖ్య ఎక్కువ కావడంతో మహారాణి ‘దగ్ధ చర్మ ఉపశమన మండలి’ని నియమించింది. అధ్యక్షపదవికి కాలిన గాయాల విషయంలో స్వానుభవం, మండళ్ళు నడిపిన అలవాటు, రెండూ ఉండాలన్నారు. రెండూ ఉన్న అభ్యర్థి ఒక్కటే దొరికింది. కలబంద సరఫరా కొండముచ్చు ఒప్పుకుంది.

నియామకపత్రం సూచీముఖి రాసింది. ముమ్మారు సరిచూసింది. ఒక్క కొమ్మూ తప్పలేదు.

దీనివల్ల తెలిసేదేమంటే, తప్పు చేసినవాణ్ణి పదవి నుంచి తొలగించడం కష్టం. ఇప్పుడు వాడికి అనుభవం కూడా ఉంటుంది.