టీలో రెండు చుక్కలు

ఆ పూట విదాద్ వేసుకున్న పథకంలో ఏ లోటూ లేదు. పదింటికి కథను జిరాక్సుకు పంపడం, పన్నెండింటికి మూడు ప్రతులూ కవర్లో పెట్టడం, రెండింటి లోపల దమన్హూర్ సాంస్కృతిక భవనంలో అందజెయ్యడం. వర్ధమాన రచయితల కథల పోటీ అది. కథ మూడు పేజీలు దాటకూడదు, కాగితం మీద పేరు ఉండకూడదు, రాసినవారికి నలభై నిండి ఉండకూడదు. విదాద్‌కు వచ్చే బుధవారం నలభై నిండుతాయి. ఆమెకు ఇదే మొదటి పోటీ, ఇదే ఆఖరిదీనూ.

నాలుగంతస్తులు దిగడమెందుకని మూడు పేజీలనూ బుట్టలో పెట్టి బాల్కనీ నుంచి తాడుతో కిందికి వదిలింది. జిరాక్సు కొట్టువాడు తీసుకుంటాడనే ధీమాతో లోపలికెళ్ళి, తలగుడ్డ సవరించుకుని వచ్చి తాడు లాగింది. బుట్టలో గుప్పెడు వేయించిన గుమ్మడి గింజలున్నాయి.

ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. భర్త షవ్కీ బడిపంతులు. ప్రతి శనివారం పాత పరీక్ష కాగితాలు ఇదే బుట్టలో దిగుతాయి. గింజలమ్మే శలబీ వాటిని పొట్లాలకు తీసుకుని గుప్పెడు గింజలు పంపుతాడు. ఇవాళ శనివారం.

"శలబీ బాబాయ్, నా కాగితాలేవీ?" విదాద్ ఒక్క పరుగున కిందికొచ్చి పడింది.

"అయిపోయాయి తల్లీ. ఈసారి దస్తూరీ ముత్యాల్లా ఉంది. ఒక పొట్లం మంగలికి, ఒకటి దర్జీకి, ఒకటి టై కట్టుకున్న ఆయనెవరికో ఇచ్చేశా."

మంగలి ఫుతూహ్ షాపు ముందు అప్పటికే జనం మూగారు. ఫుతూహ్ పొట్లం విప్పి పైకి చదువుతున్నాడు. "ఇరవై తొమ్మిదో రోజు. ఆయన టీలో మళ్ళీ రెండు చుక్కలు వేశాను. ఆయనకింకా తెలియలేదు."

"ఎవడో, పాపం!" అన్నారు అందరూ. ముఖమంతా సబ్బు నురగతో కుర్చీలో కూర్చున్న షవ్కీ కూడా పాపం అనే అన్నాడు. అని, కాగితం వైపు చూశాడు.

"ఇది మా ఆవిడ రాతే!"

"ముందు కక్కించండి!" అని ఎవరో అరిచారు. విదాద్ వచ్చేసరికి షవ్కీ చేత మూడో గ్లాసు ఉప్పునీళ్ళు తాగిస్తున్నారు.

"అది కథ!" అంది విదాద్.

"కథైతే రాసినవాళ్ళ పేరేదమ్మా?"

"పేరు రాయకూడదనే రూలు!"

"పేరు చెప్పుకోలేని రాతలు రాయడమెందుకూ?" అన్నాడు ఫుతూహ్.

ఇంతలో దర్జీ రెండో పేజీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ముప్పయ్యో రోజు దాకానే ఉంది నా దగ్గర! తర్వాత మొగుడికేమైంది?"

"ఇంకా ఏమీ కాలేదు," అన్నాడు షవ్కీ పొట్ట పట్టుకుని.

చివరేమిటో తెలిస్తే గాని కాగితాలివ్వమని ఇద్దరూ భీష్మించారు. నోటితో చెబితే నమ్మరట, రాసింది చూపించాలట. టై ఆయన సాంస్కృతిక భవనం వైపు వెళ్ళాడని శలబీ చెప్పాడు. వీధి వీధంతా అటు కదిలింది.

అందరూ చేరేసరికి రెండింటికి ఐదు నిమిషాలుంది. దరఖాస్తులు తీసుకునే రిఫత్ గారి టేబుల్ మీద గింజల తొక్కలు, పక్కనే సాపు చేసిన మూడో పేజీ. ఆయన టై మీద ఉప్పు.

"దీని ముందు భాగం మీ దగ్గరుందా?" అని లేచి నిలబడ్డాడాయన. "పొద్దుట్నుంచి ఒక్క ఫారం ముట్టుకుంటే ఒట్టు!"

మూడు పేజీలూ కలిపి ఆయనే పైకి చదివాడు. చివర్న ఇలా ఉంది: "అవి నారింజ పూల నీళ్ళు. రుచి మారిందేమని ఒక్కసారైనా అడుగుతాడేమోనని చూశాను."

అందరూ షవ్కీని చూశారు.

రిఫత్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, ఆరో నిబంధన. పాఠకులకు ముందే చేరిన కథ పోటీకి పనికిరాదు."

"ఎక్కడా అచ్చవలేదండీ!"

"పోయినేడు మొదటి బహుమతి వచ్చిన కథను పదకొండు మందే చదివారు. మీకు ఒక్కపూటలో వీధంతా పాఠకులే. ఇక మీరు వర్ధమాన రచయిత్రి ఎలా అవుతారు?"

విదాద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉన్న ఒక్క అవకాశం గింజల పాలైంది.

సాయంత్రం పరధ్యానంగా టీ పెట్టి ఇచ్చింది. షవ్కీ ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు.

"ఇవాళేం కలపలేదా?"

"మరిచిపోయాను."

"అదే అనుకున్నా. బాగోలేదు."

ఆమె పూల నీళ్ళ సీసా తెచ్చి రెండు చుక్కలు వేసింది. నలభై ఏళ్ళు నిండుతున్నాయన్న సంగతి ఆ కాసేపు గుర్తుకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే శలబీ కింద నుంచి కేకేశాడు. "తల్లీ, ఈసారి కాస్త పెద్దక్షరాలు రాయి! ఉప్పుకి చెరిగిపోతున్నాయని జనం గోల!"

విదాద్ రెండో కథ పెద్దక్షరాలతో రాసింది.