టీ గ్లాసు కొంచెం జరపండి

పుస్తకాలను పాడుచేస్తున్నది చెదపురుగులు కాదు, చదివేవాళ్ళు!

అవును, కోపం తెచ్చుకోకండి. చెదపురుగు అంచులు కొరికి ఊరుకుంటుంది. చదివేవాడు ఊరుకుంటాడా? పేజీ మూల మడుస్తాడు. వేలు తడి చేసి తిప్పుతాడు. నిద్రొస్తే గుండె మీద బోర్లిస్తాడు. లేచాక కనిపించినవాణ్ణల్లా పట్టుకుని ప్రశ్నలు వేస్తాడు!

ఇన్ని అనర్థాలకు మన కాలం మంచి మందు కనిపెట్టింది. "ఇప్పుడు నేను చదువుతున్నది" అని దాని పేరు. పుస్తకం తెరవండి, పక్కన టీ గ్లాసు పెట్టండి, ఫొటో తీయండి, గ్రూపులో పడేయండి. అయిపోయింది! కళ్ళకు శ్రమ లేదు, పుస్తకానికి మరక లేదు. చదివినవాడికి దక్కే గౌరవం మొత్తం మీకే. ఇంకా చదవడం దేనికి?

నమ్మకం కుదరకపోతే రాజపాళయం రండి.

అక్కడ మనవాళ్ళు వందల ఏళ్ళుగా ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 'ఇక్కడే' అనాలంటే తమిళం కలిపి 'ఇక్కడ దా' అంటారు. బడి చదువు తమిళం కాబట్టి తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. అయితే ఏం? అంతమాత్రానికి పుస్తకప్రియులు కాకుండా పోతారా?

నూలు వ్యాపారి వాసుదేవన్ చిత్తూరు వైపు ఒక పెళ్ళికి వెళ్ళాడు. తాంబూలం సంచిలో కొబ్బరికాయతో పాటు ఒక తెలుగు నవల వచ్చింది. రెండు వందల పేజీలు. పేరు చెప్పను, చెబితే మీరూ ఫొటో పెడతారు. ఆ ఒక్క నవలతో ఆయన "రాజపాళయం తెలుగు పుస్తక ప్రియులు" అని వాట్సాప్ గ్రూపు తెరిచాడు. నెల తిరక్కుండా నలభై మూడు మంది చేరారు. నలభై మూడు మందీ చదువుతున్నది అదే పుస్తకం, అదే ప్రతి. ఇంత ఐకమత్యం హైదరాబాదులో చూపించండి, చూద్దాం!

మనిషికి మూడు రోజులు, మూడు ఫొటోలు. ఆపైన పుస్తకం బండెక్కి పక్క వీధికి పోతుంది. స్కూటర్ సీటు మీద పుస్తకం. మల్లెపూల గంప పక్కన పుస్తకం. కింద తమిళ అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో "సూపర్", "మన తల్లిభాష" అని రాతలు. ఒకాయన కళ్ళజోడు పెట్టి, నుదురు ముడిచి, పుస్తకంలో పూర్తిగా లీనమై కనిపించాడు. పుస్తకం మటుకు తలకిందులుగా ఉంది. ఇరవై ఎనిమిది లైకులు! తిన్నగా పట్టుకున్నవాడికి కూడా అన్ని రాలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక పొరపాటు జరిగింది. చదవడం వచ్చిన మనిషి ఒకతె గ్రూపులో దూరింది.

ఆమె పేరు మూక్కమ్మాళ్. చోళపురం మనిషి, యాభై రెండేళ్ళు. నవనీతకృష్ణన్ గారి బ్యాండేజీ గుడ్డ యూనిట్లో పని. చుట్టలను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మెషిన్ కింద అంచు అతికించి సీల్ వేయాలి. గ్రూపులో తలలు తక్కువగా ఉన్నాయని నవనీతకృష్ణన్ తన పనివాళ్ళ నంబర్లు కొన్ని చేర్పించాడు. అలా వచ్చిపడింది.

చదివింది ఐదో తరగతి, అదీ తమిళం. మరి తెలుగు అక్షరాలు ఎక్కడివి? ఒకసారి తిరుమల క్యూలో పదకొండు గంటలు నిలబడింది. ఎదురుగా ఒకటే బోర్డు, పైన తెలుగు, కింద తమిళం. చేయడానికి ఇంకో పని లేదు. పైదీ కిందదీ పోల్చుకుంటూ పోయింది. దర్శనం అయ్యేసరికి ఇరవై అక్షరాలు చేతికొచ్చాయి. మిగతావి ఆంధ్రా నుంచి మిల్లులకు వచ్చే పత్తి లారీల వెనక నుంచి ఏరుకుంది.

ఇలాంటివాళ్ళు చాలా ప్రమాదం, చెబుతున్నాను! ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాళ్ళకు సిగ్గుండదు. తెలియనిది నలుగురిలో అడిగేస్తారు.

ఆమె వంతు వచ్చింది. ఫొటో పెట్టడం మానేసి చదవడం మొదలుపెట్టింది! టౌన్ బస్సులో, భోజనం వేళ, పొయ్యి ముందు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మూడు రోజుల్లో నూట పన్నెండో పేజీకి చేరింది. కథ ఒక మొగుడూ పెళ్ళాలది. మెట్టచేనులో ఇద్దరే బావి తవ్వుతుంటారు. నూట పన్నెండో పేజీ చివర మొగుడు అడుగున ఉండగా తాడు తెగింది.

సరిగ్గా అప్పుడే, తరువాతి వంతు తనదని ఎరువుల కొట్టు హరిహరన్ వాకిట్లో హారన్ కొట్టాడు.

"ఇంకొక్క దినం ఉండనీయండయ్యా. ఆయప్ప బావిలో ఉండాడు," అంది మూక్కమ్మాళ్.

"బుక్కులో దా కద? ఉండనీ. తిరిగి నీ వంతు వచ్చేదాకా చల్లగా ఉంటాడు. ఇవ్వు, రేపు నా ఫొటో పోవాల."

తిరిగి వంతు రావాలంటే నాలుగు నెలలు. ఇక్కడే చూడండి ఈ ఫొటోల మహిమ! మూక్కమ్మాళ్ ఫోను తీసి, గ్రూపులో పడిన ప్రతి ఫొటోనూ వేళ్ళతో పెద్దది చేసి చదవడం మొదలుపెట్టింది. హరిహరన్ తన తెల్లకుక్కను పక్కన కూర్చోబెట్టి తీసిన దాంట్లో నూట పదిహేడో పేజీ దొరికింది. సగం పేజీ మీద కుక్క కాలు. అభిరామి అనే ఆవిడ ఫొటోలో నూట ముప్పై ఒకటి, మధ్యలో టీ గ్లాసు. దొరికినంత వరకు తేలిందేమిటంటే, ఊరంతా తిరునాళ్ళకు పోయింది, మబ్బు కమ్ముతోంది, పెళ్ళాం ఇంట్లో చీరలన్నీ తెచ్చి ముడివేస్తోంది.

మూక్కమ్మాళ్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "హరిహరనయ్యా, కుక్క కాలు తీసి ఇంకొకటి పెట్టండి. అభిరామక్కా, టీ గ్లాసు కొంచెం జరపండి. కింద నాలుగు వరుసలు కనపడలేదు."

గ్రూపు గతుక్కుమంది. ఎక్కిరిస్తోందా? అడ్మిన్ వాసుదేవన్ వెంటనే కట్టడి చేశాడు. "ఇది బుక్కు గురించి ఉండే గ్రూపు. బుక్కు లోపల ఉండేది ఇక్కడ మాట్లాడవద్దు."

ఎంత మంచి రూలు! ఒక మనిషి బావిలో ఉన్నాడు. నలభై మూడు మంది గట్టు మీద నిలబడి ఫొటోలు తీస్తున్నారు. ఒక్కరూ తొంగి చూడరు. క్రమశిక్షణ అంటే అదీ!

ఇన్ని చేతులు మారి పుస్తకం నలిగిపోతోందని నవనీతకృష్ణన్ మనసు నొచ్చుకుంది. ఒకరోజు దాన్ని యూనిట్‌కే పట్టుకొచ్చాడు.

"మూక్కమ్మా, దీనికి ఒక సీల్ వేయి. దుమ్ము పడరాదు."

ఆమె పుస్తకం మెషిన్ కింద పెట్టి ఆగిపోయింది. "వద్దు మొదలాళీ. లోపల మనిషి ఉండాడు."

"అయ్యయ్యో!" యజమాని పరుగెత్తి మెయిన్ ఆఫ్ చేశాడు. మెషిన్ కిందా వెనకా వంగి వంగి చూశాడు. సంగతి తెలిశాక చెమట తుడుచుకుని, "నీకు చదివి చదివి బుద్ధి చెడింది," అన్నాడు. నిజమే కదా!

మూక్కమ్మాళ్ తన చేత్తోనే సీల్ వేసింది. బావి మీద బండ పెట్టినట్టయింది ఆమెకు.

ఆ రోజుతో రాజపాళయం పఠనాభిరుచి శిఖరం చేరింది. ఇప్పుడు ఎవరూ పేజీ తెరవనక్కరలేదు, తెరవాలన్నా తెరుచుకోదు! ప్లాస్టిక్ మీద వెలుతురు పడి అట్ట తళతళలాడుతోంది. లైకులు రెట్టింపు.

ఆ తరువాతి ఆదివారం వాసుదేవన్ కొట్టు మేడ మీద పాఠకుల సమావేశం. సీల్ వేసిన నవలను నడుమ స్టూల్ మీద నిలబెట్టారు. ఒక్కొక్కరూ లేచి, పుస్తకం చాలా బాగుందనీ, కన్నీళ్ళు వచ్చాయనీ చెప్పి కూర్చున్నారు. చివర ఏమైనా అడగాలా అన్నారు. అనకూడదు! ఎప్పుడూ అనకూడదు!

"ఆయప్ప పైకి వచ్చినాడా, లేదా?" అంది మూక్కమ్మాళ్.

ఎవరు, ఎక్కడి నుంచి అని అడిగితే పరువు పోతుంది. అడ్మిన్ కాబట్టి వాసుదేవన్ తెగించాడు. "వచ్చినాడు, వచ్చినాడు."

"లేదప్పా, పోయినాడు," అన్నాడు నవనీతకృష్ణన్. "అందుకు దా నేను ఏడ్చింది."

మేడ రెండుగా చీలింది. కేకలు పెరిగాయి. ఓటు పెట్టారు. వచ్చాడని ఇరవై రెండు చేతులు, పోయాడని పద్దెనిమిది. ముగ్గురు ఫోన్లు చూసుకుంటున్నారు. మెజారిటీ ప్రకారం మనిషి బతికాడని వాసుదేవన్ ప్రకటించాడు.

"ఓటు ఎందుకయ్యా? బుక్కు ఉండాది కద," అంటూ మూక్కమ్మాళ్ లేచింది. రోజుకు వెయ్యి సీళ్ళు వేసే చెయ్యి. ఏ మూల పట్టు వదులుతుందో దానికి తెలుసు. పర్రుమంది. ఎవరి చొక్కానో చింపినట్టు అందరూ ఉలిక్కిపడ్డారు.

నూట పదమూడో పేజీ నుంచి గట్టిగా చదవసాగింది. తడుముకుంటూ, వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకుంటూ. మొదట పది ఫోన్లు వీడియో తీయడానికి లేచాయి. కాసేపటికి ఒక్కొక్కటే దిగాయి. నోటిలో పుట్టి పెరిగిన భాష కాగితం మీద నుంచి రావడం వాళ్ళకు అదే మొదటిసారి. పెళ్ళాం ఏడు చీరలు ముడివేసింది. వాన దిగింది. చీరల తాడు లోపలికి వదిలింది. అడుగు నుంచి జవాబు లేదు.

మూక్కమ్మాళ్ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. "నా బస్సుకు వేళ అయింది."

"ఇదేమిది! కూర్చో మూక్కమ్మా, ఆటో పెట్టి పంపిస్తాను!" వాసుదేవన్ చెప్పులు లేకుండా మెట్ల దాకా వచ్చాడు. "ఏమాయ ఆయప్పకు?"

"మీరంతా చదివిన బుక్కే కద అయ్యా. నన్ను అడుగుతారేమి?"

రెండు రోజుల్లో ముగించి పుస్తకం ఆయన కొట్టులోనే ఇచ్చేసింది. ముగింపు మాత్రం పెదవి దాటనివ్వలేదు. మొదలాళి ఒక పూట సెలవు ఇస్తానన్నాడు. హరిహరన్ కుక్కపిల్లను ఇస్తానన్నాడు. అందరికీ ఒకటే జవాబు: "నూట తొంభై ఏడో పేజీలో ఉండాది. అక్షరాలు కావాలంటే ఆదివారం రండి, నేర్పిస్తాను."

ఒక్క చదువరి ఒక ఊరిని ఎంత చెడగొడుతుందో చూశారా? గ్రూపులో ఫొటోలు తగ్గిపోయాయి. మంసాపురంలో పొలం చూడాలని ఇంట్లో చెప్పి వాసుదేవన్ మూక్కమ్మాళ్ ఉండే చోళపురం బస్సెక్కాడు. నవనీతకృష్ణన్ ఇంకో వేళకు వచ్చి, ఎవరైనా గుర్తుపడతారని హెల్మెట్ తీయకుండానే పలక పట్టాడు. ప్రతివాడిదీ ఒకటే మాట, "ఎవరికీ చెప్పొద్దు." చదివినట్టు నలభై మూడు మంది ముందు నటించడానికి రాని సిగ్గు, అ ఆలు దిద్దడానికి ఎక్కడి నుంచి ఊడిపడుతుందో!

మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం గ్రూపులో వాసుదేవన్ ఫొటో పడింది. నూట తొంభై ఏడో పేజీ. టీ గ్లాసు లేదు, పువ్వు లేదు. ఒక వాక్యం కింద ఆయన బొటనవేలు ఉంది. ఫొటో కింద ఆ గ్రూపు పుట్టాక మొదటిసారి తెలుగు అక్షరాలు: "పైకి వచ్చినాడు."

పది నిమిషాల్లో ముప్పై లైకులు, ఆరు సూపర్లు.

మూక్కమ్మాళ్ మండిపడి ఫోను చేసింది. "ఏమయ్యా ఇట్లా చేసినారు! కడపటి మాట అందరికీ చెప్పేస్తిరే. ఇంక మిగిలినవాళ్ళు ఎందుకు నేర్చుకుంటారు?"

"భయం ఎందుకు టీచర్?" అన్నాడు వాసుదేవన్ తాపీగా. "తెలుగులో దా రాసినాను. మన గ్రూపులో ఎవరు చదువుతారు!"