దోబ్రిలోవిచ్‌ల ముక్కు

ఆ ఉదయం వుకోమాన్ దోబ్రిలోవిచ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఇంటి ఇలవేల్పు సెయింట్ జార్జి పండగ. రొట్టెకు గుడిలో దీవెన చదివించాలి, కొవ్వొత్తి వెలిగించాలి, వచ్చినవాళ్లకు పెట్టాలి, తను తినాలి. మనసంతా ఆ చివరి పని మీదే ఉండగా బెల్‌గ్రేడ్ నుంచి కూతురు దూన్యా ఫోన్ చేసింది.

"నాన్నా, మధ్యాహ్నానికి వస్తున్నా. నాతో ఒకతను వస్తున్నాడు. రెల్యా దోబ్రిలోవిచ్."

"ఏ దోబ్రిలోవిచ్?"

"గోల్‌కీపర్ స్త్రాహిన్యా ఉన్నాడు కదా, ఆయన అన్నకొడుకు. మిగతాది వచ్చాక చెప్తా. నీకు దణ్ణం పెడతా, ఊళ్లో టాంటాం వెయ్యకు."

ఆయన వెయ్యలేదు. రొట్టె తేవడానికి వెళ్లినప్పుడు కొట్టావిడతో మాత్రం అన్నాడు.

అనకుండా ఉండటం ఆయన వల్ల కాదు. దేశంలో దోబ్రిలోవిచ్ అనే ఇంటిపేరుతో ఎవరు పైకొచ్చినా వుకోమాన్‌కు చుట్టమైపోయేవారు. ఊరంతా గోలీ అనే ఆ గోల్‌కీపర్ స్త్రాహిన్యా చుట్టమే. పతకాల బరువుకు వంగి నడిచే సేనాధిపతి చుట్టమే. ఒపెరాలో పాడే ఆవిడ మరీ దగ్గరి చుట్టం. "ఇంటిపేరొకటే, ఇలవేల్పూ ఒకడే" అని సారాకొట్లో బల్ల చరిచి చెప్పేవాడు. ఆ రెండూ కలిస్తే తమ ఊరు అరిల్యెలోనే కాదు, సెర్బియాలో ఎక్కడైనా రక్తసంబంధం కిందే లెక్క. ఇలవేల్పు సంగతి ఆయన ఎవరినీ అడిగి తెలుసుకున్నది కాదు. "అంత దగ్గరివాళ్లయితే ఒక్కడూ నీ గడప తొక్కడేం?" అని పక్కింటి మిలాదిన్ ప్రతి పండక్కీ అడిగేవాడు. ఇదిగో, ఇవాళ తొక్కబోతున్నాడు.

పొద్దెక్కేసరికి గోలీ అన్నకొడుకు వస్తున్నాడన్న మాట, గోలీయే వస్తున్నాడని మారింది. ఇలవేల్పు పండగకు ఎవరినీ పిలవకూడదు, వచ్చినవాళ్లను పొమ్మనకూడదు. ఊరికి ఆ రెండో ముక్క బాగా తెలుసు. ముందు గది నిండింది, వంటగది నిండింది, ఆనక జనం పెరట్లో పంది కాలుతున్న చోటా చేరారు.

"ఏవయ్యా, వీళ్లంతా ఎవరు?" అని భార్య కొసారా నిలదీసింది. "ముప్పై మందికి సర్మా చుట్టాను. క్యాబేజీ ఆకుల్లో ఇంక నన్ను చుట్టి పెట్టు."

వుకోమాన్ ఆ మాట వినే స్థితిలో లేడు. గేటు దాకా వెళ్లి రోడ్డు చూస్తాడు, లోపలికొచ్చి కుర్చీలు జరుపుతాడు, మళ్లీ గేటు దగ్గరికి పోతాడు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మిలాదిన్ గోడవతల నుంచి కుర్చీలు అందిస్తూ, "మీ గోలీ బంతి కోసం వెళ్లాడేమో" అన్నాడు.

కారు ఆగింది. దూన్యా దిగింది. వెనకాల పూలగుత్తి పట్టుకుని సన్నగా, పొడుగ్గా ఒక కుర్రాడు దిగాడు. జనం అతని వెనక చూశారు, కారులోకి తొంగి చూశారు. ఇంకెవరూ లేరు.

"గోలీ ఏడీ?" అన్నాడు మిలాదిన్.

"నెత్తురు నెత్తురే," అంటూ వుకోమాన్ కుర్రాణ్ణి ఆచారం ప్రకారం బుగ్గల మీద మూడుసార్లు ముద్దుపెట్టుకుని, నలుగురి వైపూ తిప్పాడు. "ఆ ముక్కు చూడండి. నా ముక్కు చూడండి. వీడు నాకు అన్నకొడుకు వరస."

"నాన్నా, ఒక్క మాట..."

"తర్వాతమ్మా. ఏరా రెల్యా, నన్ను బాబాయ్ అనాలి నువ్వు."

కుర్రాడు దూన్యా మొహం చూశాడు. పెద్దాయన మాట కాదనడం బాగుండదని, "సరే బాబాయ్" అన్నాడు. పాపం, అక్కడే పప్పులో కాలేశాడు.

ఇక వుకోమాన్‌కు పట్టపగ్గాల్లేవు. రెల్యాని తన కుడిపక్కన, ఫాదర్ గవ్రీలోకు ఎదురుగా కూర్చోబెట్టాడు. పూర్వం హెర్జెగోవినా నుంచి ఒకే గుర్రం మీద వచ్చి దోబ్రిలోవిచ్‌ల వంశానికి మూలపురుషులైన ఇద్దరన్నదమ్ముల కథ చెప్పాడు. దూన్యా నోరు తెరిచినప్పుడల్లా గ్లాసెత్తి ఎవరో ఒక చుట్టం పేరు మీద తాగించాడు. సేనాధిపతి అయిపోయాక ఒపెరా ఆవిడ వంతు వచ్చేసరికి ఆ పిల్లకు ఓపిక చచ్చిపోయింది. లేచి నిలబడింది.

"నాన్నా, మేమిద్దరం పెళ్లి చేసుకోబోతున్నాం. అది చెప్పడానికే వచ్చాం."

కొసారా సర్మా గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"బాబాయ్ కూతుర్నా?" అన్నాడు మిలాదిన్, నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు.

ఫాదర్ గవ్రీలో ఫోర్కు పక్కన పెట్టాడు. "ఇంటిపేరొకటి, ఇలవేల్పొకడు. అన్నాచెల్లెళ్ల వరస. ఈ పెళ్లికి నేను గుడి తలుపు తియ్యను వుకోమాన్."

"దూరపు చుట్టంలెండి ఫాదర్. చాలా దూరం."

"ఒకే గుర్రం మీద వచ్చారన్నావుగా?" అన్నారెవరో మూల నుంచి.

"పెద్ద గుర్రం," అన్నాడు వుకోమాన్. ఎవరూ నవ్వలేదు. దూన్యా కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినా ఏడవని పిల్ల.

కూతురి కళ్లలోకి చూడలేక కొవ్వొత్తి వైపు చూశాడు. అప్పుడే ఒక మాట తట్టింది. తట్టకపోతే బావుండునని కూడా ఆ వెంటనే అనిపించింది. ఆ మాట అంటే కూతురి పెళ్లి నిలబడుతుంది. ఏళ్ల తరబడి కట్టుకున్న పరువు మాత్రం మట్టిలో కలుస్తుంది. గ్లాసులోని రకియా సారా ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు.

"ఫాదర్, ఇవాళ మా ఇలవేల్పు పండగ. వీడిదీ అదే ఇలవేల్పయితే, సొంతింట్లో కొవ్వొత్తి వెలిగే పూట ఆ బల్ల వదిలేసి పరాయింటికి భోజనానికి వస్తాడా?"

అందరూ రెల్యా వైపు తిరిగారు.

"మాది సెయింట్ నికోలా అండీ," అన్నాడు అతను బెరుగ్గా. "డిసెంబర్లో."

"అయితే గోలీ నీకేమీ కాడా?" అన్నాడు మిలాదిన్, వుకోమాన్ వైపు తిరిగి.

"కాడు."

"సేనాధిపతి?"

"కాడు."

"ఒపెరా ఆవిడ?"

"ఆవిడెవరో నాకు తెలీదు."

"మరి ఆ ముక్కు?"

వుకోమాన్ తల వంచుకున్నాడు. "మా అమ్మ వైపుది."

ఫాదర్ గవ్రీలో ఫోర్కు అందుకున్నాడు. కొసారా గిన్నె బల్ల మీద పెట్టి, ముందుగా మొగుడికే వడ్డించింది. "తినండి మామయ్యా," అన్నాడు రెల్యా. పొద్దుటి నుంచీ కాచుకున్న ఆ సర్మా వుకోమాన్‌కు గొంతు దిగలేదు. దూన్యా వచ్చి వెనక నుంచి మెడ చుట్టూ చేతులు వేశాక దిగింది.

వేసవిలో పెళ్లయింది. ఆ శరదృతువులో ఒక సాయంత్రం సారాకొట్టు టీవీలో గోలీ స్త్రాహిన్యా పెనాల్టీ ఆపాడు. కొట్టంతా చప్పట్లు కొట్టింది. వుకోమాన్ కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు, ఉగ్గబట్టుకున్నాడు, ఇక తన వల్ల కాలేదు.

"ఆయన మా వియ్యంకుడి తమ్ముడు."

ఎవరూ తల తిప్పలేదు. వుకోమాన్ జేబులోంచి పెళ్లి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. మిలాదిన్ కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికాడు.

"ఇందులో ఏడీ?"

"ఆ రోజు మ్యాచ్ ఉంది, రాలేదు."

మిలాదిన్ ఫొటో జాగ్రత్తగా వెనక్కిచ్చి, ఈసారి ముక్కు ఎవరి వైపుదని అడిగాడు.