అరువిచ్చిన చెయ్యి

పరియామన్ బజారులో ఉప్పుచేపలు అమ్మే ఎరిజాల్ ఆ గురువారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆదివారం మేనకోడలి పెళ్లి. కొబ్బరిపాలలో గంటల తరబడి మగ్గిన మాంసం అందరికీ వడ్డించి, అతనికి మాత్రం ఉడికించిన ఆకుకూర పెడతానని భార్య అస్నిమార్ తేల్చి చెప్పింది. "బీపీ నూట ముప్పై లోపుందని డాక్టరమ్మ చీటీ తెండి. అప్పుడు చూద్దాం." ఆయన మాత్రలు మానేసి మూడు నెలలైందని ఆమెకు తెలియదు.

అందుకని ఎరిజాల్ పక్క కొట్లో టోపీలు కుట్టే బస్రుల్‌ను పట్టుకున్నాడు. బస్రుల్ వెదురుబద్దలా ఉంటాడు. పుట్టి బుద్ధెరిగాక ఆసుపత్రి గడప తొక్కలేదు.

"నా ఆసుపత్రి కార్డు తీసుకెళ్లి నీ చెయ్యి చూపించరా. దానిమీద ఫొటో లేదు. నర్సూ, డాక్టరమ్మా ఇద్దరూ కొత్తవాళ్లే."

"తప్పు కదన్నా?"

"అడిగింది చెయ్యేగా, కిడ్నీ కాదుగా!"

బస్రుల్ వెళ్లాడు. ఎరిజాల్ టీకొట్లో అరటిపండు బజ్జీలు తింటూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో నర్సు పట్టీ చుట్టి, అంకె చూసి, నమ్మలేక మళ్లీ చుట్టింది. రెండు వందల పది. మెట్లెక్కితే ఎదలో పట్టేస్తుందా అని డాక్టరమ్మ అడిగింది. బస్రుల్ అబద్ధమాడతానని ఒప్పుకున్నది పేరు వరకే. "రెండేళ్లుగా పట్టేస్తోందండీ" అన్నాడు. ఈసీజీ తీశారు. పావుగంటలో అంబులెన్సు ఎక్కించి పడాంగ్ పెద్దాసుపత్రికి పంపేశారు. కార్డు మీదున్న నంబరుకు ఫోను చేశారు.

పెళ్లింట్లో మసాలా నూరుతున్న అస్నిమార్ ఫోనెత్తింది. "మీ ఆయనకు గుండె..." అన్నంతవరకే విని కూలబడింది. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. పొయ్యిలు ఆర్పేశారు. ఆ కబురు వీధి చివరికి వెళ్లేసరికి ఎరిజాల్ పోయాడు. బజారుకు చేరేసరికి ఖననం ఎన్నింటికో కూడా ఖాయమైంది.

"పాపం, ఉప్పుచేపల ఎరిజాల్ పోయాడట" అని టీకొట్టు గుమ్మంలో ఎవరో అన్నారు. బజ్జీ గొంతుకు అడ్డం పడింది. ఎరిజాల్ పరుగున పెళ్లింటికొచ్చాడు. అతన్ని చూసి పెద్దత్త కెవ్వుమంది. అస్నిమార్ అతని మొహమంతా తడిమి తడిమి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే ఆగింది.

"మరి ఆసుపత్రిలో ఉన్నదెవరు?"

చెప్పక తప్పలేదు. ఎవరూ నవ్వలేదు.

పడాంగ్‌లో ఎరిజాల్‌ను చూసి బస్రుల్ మంచం మీద నుంచే చేతులు జోడించాడు. "క్షమించన్నా. నూట ఇరవై తెస్తానని చెప్పి నీ పరువు తీశాను."

"ఏళ్లుగా బీపీ పెరిగే ఉంది" అన్నాడు డాక్టరు. "ఆ ఒత్తిడికి రక్తనాళాల గోడలు దెబ్బతిని, కొవ్వు పేరుకుంది. గుండెకు వెళ్లే రెండు నాళాలు పూడుకుపోయాయి. ఇంత సన్నటి మనిషికి బీపీ ఉంటుందని ఎవరూ అనుకోరు. ఇవాళ రాకపోతే ఈ వారం దాటేవాడు కాదేమో. రోజూ ఏం తింటారు?"

"ఉప్పుచేపలేనండీ!" బస్రుల్ మొహం వెలిగింది. "పదేళ్లుగా ప్రతి శుక్రవారం అన్నే ఇస్తాడు. ఇవాళ ఇక్కడికి పంపింది కూడా అన్నే."

చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు. అమ్ముడుపోని చేపలు పొట్లం కట్టి, పుణ్యం చేశాననుకున్నాడు ఎరిజాల్. బస్రుల్ ఆయాసంతో కొట్టు మెట్ల మీద చతికిలబడ్డప్పుడల్లా "ముసలాడివైపోయావురా" అని బజారంతా వినేలా నవ్వాడు. ఎందుకు కూర్చున్నావని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అతని చల్లటి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

ఎర్రబడ్డ మొహం చూసి, అక్కడి నర్సు ఎరిజాల్ రెండో చేతికి పట్టీ చుట్టింది. "నూట తొంభై. మిమ్మల్నీ చేర్చుకోవాలి. పేరు?"

ఎరిజాల్ చెప్పాడు.

నర్సు పుస్తకం తిరగేసింది. "ఆయన పొద్దున్నే చేరిపోయారండీ."