రాణి తినడం లేదు

బుధవారం పొద్దున అనౌన్సరు పెట్టుకున్న పనులు మూడే. ఉతికిన రెండు చొక్కాలు పెరట్లో ఆరేయడం, దండెం కింద పుట్ట పెట్టిన ఎర్రచీమలకు మందు చల్లడం, తొమ్మిదిన్నరకల్లా లోపలికొచ్చి కూర్చోవడం. కూర్చున్నాక ఏం చేయాలో మాత్రం అనుకోలేదు. రిటైరైన దగ్గర్నుంచీ ఆ సంగతి ఏ రోజూ తేలలేదు.

ముప్పై నాలుగేళ్ళు రైల్వే స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. షిఫ్టుల వల్ల పెళ్ళి వాయిదా పడుతూ పడుతూ, చివరికి ఆ సంగతి అడిగేవాళ్ళే లేకుండా పోయారు. మైకు పాడైనా ఆయన గొంతు రెండో ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తుందని పేరుండేది. ఇప్పుడా గొంతుకి రోజంతటిలో పని పాలప్యాకెట్ అడగడం ఒక్కటే. ఈమధ్య అదీ తప్పింది. పాలవాడు ఆయన్ని చూడగానే ప్యాకెట్ తీసి చేతిలో పెట్టేస్తున్నాడు.

చీమలు చూడ్డానికి చిన్నవే. కుడితే మాత్రం నిప్పురవ్వ పడ్డట్టుండేది, మర్నాటికి పొక్కు లేచేది. మరిగే నీళ్ళు పోస్తే ఒక పుట్ట పోయి మూడు లేచాయి. పురుగుమందుల దుకాణాయన అసలు కిటుకు చెప్పాడు. పైన తిరిగేవాటిని ఎన్నిటిని చంపినా లాభం లేదు. అడుగున రాణి ఉంటుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది. మందు కలిపిన ఈ గుళికల్ని చీమలే మోసుకెళ్ళి రాణికి పెట్టాలి, రాణి తినాలి. అందాకా పుట్టను కదపకూడదు. మాటలు ఇంకాస్త సాగితే బాగుండునని, గుళికలు ఏ ఊళ్ళో తయారవుతాయో కూడా అడిగాడు అనౌన్సరు. డబ్బా మీద రాసుంటుందన్నాడు దుకాణాయన.

మొదటి రోజు గుళికలు చల్లి ఊరికే చూశాడు. రెండో రోజు చీమలు గుళికల్ని తప్పుకుని నడిచిపోతుంటే నొచ్చుకున్నాడు. మూడో రోజు పీట వేసుక్కూర్చుని, తనకు తెలియకుండానే మాటలు మొదలుపెట్టాడు.

"తినవే రాణీ. మూడు రోజులైంది. నీకోసమే కదా తెచ్చింది. నేనంటే అంత అనుమానమా?"

మనిషెత్తు గోడకు అవతల టైలరమ్మ ఉంటుంది. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడదీ ఒంటరి బతుకే. ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో ఇంకొకరిని పిలవడం ఆవిడ వినలేదు. మధ్యాహ్నం దాకా ఆగి, ఇక ఆగలేక ఆయన అక్కకు ఫోన్ చేసింది.

అక్క ఉండేది బస్సులో మూడు గంటల దూరంలో. తమ్ముడెప్పుడైనా ఫోనెత్తకపోతే తలుపు కొట్టి చూడమని చెప్పి, టైలరమ్మ నంబరు దాచుకుంది. ఆ నంబరు నుంచి ఫోన్ రాగానే మంచం మీద కూలబడింది.

"ఆయనకేం కాలేదండీ. ఇంట్లో ఎవరో ఆడమనిషి ఉన్నట్టుంది. రాణి అని పిలుస్తున్నారు."

అక్క ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. తర్వాత, కోప్పడుతున్నాడా అని మెల్లగా అడిగింది.

"లేదండీ. బతిమాలుతున్నారు. తినమని."

అక్క ఆ మాట భర్తకు చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ మనిషెవరో ఏమిటో ముందు కనుక్కుందామన్నాడు బావ. కనుక్కుంటూ కూర్చునే వయసు ఇరవయ్యేళ్ళ కిందటే దాటిపోయిందంది అక్క. తమ్ముడు సిగ్గరి, ఫోన్లో అడిగితే లేదనేస్తాడు, అందుకని చెప్పకుండానే వెళ్ళాలని తీర్మానించింది. డబుల్ మంచం దుప్పటి, రెండు దిండ్లు కొంది. బావకు సోమవారం సెలవు దొరికింది.

ఆ సోమవారం పొద్దున్నే అనౌన్సరు పెరట్లోంచి దుకాణాయనకు ఫోన్ చేశాడు.

"మందు పెడుతూనే ఉన్నానండీ. రాణి ముట్టడం లేదు. వాసన పసిగట్టిందేమో, బెల్లంలో కలిపి పెట్టమంటారా?... తిన్నాక ఎన్నాళ్ళకి పోతుంది?... పోయాక తవ్వి తీయాలా, అక్కడే ఉంచెయ్యొచ్చా?"

గోడ అవతల కత్తెర కింద పడింది. అంత సంబరంగా ఉన్న అక్కకు ఈ కబురు ఏ నోటితో చెప్పాలో తెలియక, టైలరమ్మ పోలీస్ స్టేషన్‌కు చెప్పింది.

హెడ్ కానిస్టేబుల్ బండి దిగేసరికి అక్కా బావా గేటు తీస్తున్నారు. ఆ వేళకు ఆ ఇంటికి వచ్చేవాళ్ళు ఇంకెవరుంటారని, రాణి తరఫువాళ్ళా అని అక్క నవ్వుతూ పలకరించింది. ఆమె కోసమే వచ్చానన్నాడు కానిస్టేబుల్. పెళ్ళికూతురి అన్న పోలీసా అని బావ చొక్కా సర్దుకున్నాడు.

తలుపు తీసిన అనౌన్సరు గాభరాగా వెనక్కి తిరిగి చూశాడు. ముగ్గురు మనుషులు వచ్చారు, ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ.

"రాణి ఎక్కడ?" అన్నాడు కానిస్టేబుల్.

ఈయనకెలా తెలిసిందా అనిపించింది గానీ, తన చీమల సంగతి ఒక మనిషి ఇంటికొచ్చి అడగడం అదే మొదలు. సంతోషం ఆపుకోలేకపోయాడు.

"పెరట్లో ఉందండీ. దండెం కింద, మూడడుగుల లోతులో."

అక్క చేతిలోంచి దుప్పటి సంచీ జారిపోయింది.

"బతికుందా?" అన్నాడు కానిస్టేబుల్.

"అదే తెలియడం లేదు. ఇవాళ కూడా మందు పెట్టాను."

కానిస్టేబుల్ పెరట్లోకి నడిచి, గోడవార ఉన్న పార తీసుకున్నాడు. పుట్ట కదపకూడదని అనౌన్సరు చెప్పబోతుంటే బావ వెనక నుంచి వచ్చి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. బావ అంత దగ్గరగా మసలడం ఎప్పుడూ లేదని అనౌన్సరు మనసు కరిగింది. మూడో దెబ్బకు కానిస్టేబుల్ పార వదిలేసి, బెల్టు విప్పుకుంటూ బాత్రూంలోకి పరుగెత్తాడు. విచారణ మిగతాది తలుపు అవతలి నుంచే సాగింది.

"రాణంటే చీమా?"

"చీమేనండీ."

"ముందే చెప్పొచ్చుగా?"

"తెలిసే అడుగుతున్నారనుకున్నాను."

పొక్కులకు మందు రాయించుకుని కానిస్టేబుల్ వెళ్ళిపోయాడు. టైలరమ్మ గేటు దగ్గర నిలబడి క్షమించమంది. నా మాటలు అక్కడికి వినిపిస్తాయా అని అడిగాడు అనౌన్సరు. ప్రతి మాటా వినిపిస్తుందని ఆవిడ తల వంచుకుంది. ఆయన మాట్లాడుతున్నప్పుడు మిషను ఆపేస్తోందట. ఈ వారం యూనిఫారాలన్నీ ఆలస్యమయ్యాయట.

బావ పడీ పడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"అయితే ఎవరూ లేరా?"

"లేరక్కా."

"ఉందని చెప్పుంటే పోయేదిగా. మూడు రోజులు హాయిగా నిద్రపోయాన్రా."

అనౌన్సరు ఆమె పక్కన కూర్చున్నాడు. సాయంత్రం బస్సుకు వాళ్ళు బయల్దేరారు. కొన్నవి షాపువాళ్ళు వెనక్కి తీసుకోరని, దుప్పటీ రెండు దిండ్లూ అక్కడే వదిలేసింది అక్క.

మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్ళి చూస్తే ఒక్క చీమ లేదు. వారం రోజులుగా గుళికలు చేయలేని పని మూడు పార దెబ్బలు చేశాయి. గూడు చెదిరి, రాణితో సహా అన్నీ ఎటో వెళ్ళిపోయాయి. ఇక చెప్పుల్లేకుండా తిరగొచ్చు. అనౌన్సరు చెప్పులు విప్పి, ఖాళీ మట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అవతల మిషను చప్పుడు ఆగింది.

ఏదో ఒకటి అనాలని తెలుస్తూనే ఉంది. వేల రైళ్ళ సంగతి తడుముకోకుండా చెప్పినవాడికి నోరు పెగల్లేదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ ఎండ ఎక్కువగానే ఉన్నట్టుంది."

గోడ అవతల కాస్త ఆలోచించినట్టున్నారు.

"అవునండీ," అని వినిపించింది.

అంతకుమించి ఇద్దరికీ ఏమీ తోచకపోవడంతో, ఆ రోజుకు అక్కడితో ఆపేశారు.